ఎనిమిది మగ్గాలు విన్న ఉత్తరాలు

తొరపాడి, వేలూరు
జూన్ 8

పెదనాయనకు నివేద దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

ఫోనులో మీకు నా మాట సరిగా వినబడదు, నాకేమో మీ ముందు అరవాలంటే భయం. అందుకే చిన్నప్పుడు మీరు పలక మీద దిద్దించిన అక్షరాలతో రాస్తున్నాను. మా హాస్టల్లో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు గానీ చదవడం ఎవరికీ రాదు. మనసులో ఉన్నది ధైర్యంగా రాయొచ్చు.

మా బూట్ల ఫ్యాక్టరీలో నన్ను నాలుగో లైనుకు సూపర్‌వైజరును చేశారు. సంతోషించే సంగతే. కానీ ఆ రోజునుంచి నాకు అన్నం సహించడం లేదు. లైనులో ఇరవైరెండు మంది ఆడవాళ్ళు. అందరూ నాకన్నా పెద్దవాళ్ళు, నాకు కుట్టు నేర్పినవాళ్ళు. మూడు నెలలు చూస్తారట. రోజుకు నాలుగు వందల జతలు రాకపోతే నేను మళ్ళీ మిషను మీదికే.

మేనేజరు దేవేంద్రన్ సారు మొదటిరోజే పిలిచి చెప్పాడు. "మనం చూస్తా ఉంటేనే వీళ్ళు చేస్తారు. తల తిప్పితే చెయ్యి ఆగిపోతుంది. ఆ పచ్చయమ్మను కనిపెట్టు. రోజూ పదకొండుకు లేచి యాడికో పోతా ఉండాది."

నిజమే. కిటికీ పక్క మిషను పచ్చయమ్మక్క రోజూ పదకొండుకు లేచి పావుగంట కనబడదు. అడుగుదామంటే నోరు రాదు. మీరు ముప్ఫై ఏళ్ళుగా ఎనిమిది మగ్గాల షెడ్డు నడుపుతున్నారు. పనివాళ్ళతో ఎలా ఉండాలో చెప్పండి.

మీ జవాబు కోసం ఎదురుచూసే
నివేద

తా.క.: గొంతు గట్టిగా ఉండాలని గదిలో "ఏయ్, పని చూడండి" అని అద్దం ముందు అభ్యాసం చేశాను. పక్కగది జెసింత తలుపు తట్టి, తానేం తప్పు చేశానని అడిగింది.

---

గుడియాత్తం
జూన్ 14

నా బిడ్డ నివేదకు జయరాములు పెదనాయన ఆశీర్వాదం.

నీ ఉత్తరం అందింది. మంచి మనిషినే అడిగావు. దేవేంద్రన్ తెలివిగలవాడు, నా మాటే తన మాటగా చెప్పాడు. పనిచేసేవాడికి పని అంటే చేదు. పని జరిగేది మన కంటి వల్ల. నేను షెడ్డు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆ కుర్చీ లేకపోతే మగ్గం మీదనుంచి ఒక్క లుంగీ దిగదు.

నువ్వు చెయ్యవలసింది ఇది. వాళ్ళ వీపు వెనక నిలబడు. నవ్వకు. ఎవరు బాత్రూముకు ఎప్పుడు పోయారో, ఎప్పుడు వచ్చారో ఒక పుస్తకంలో రాయి. నిన్ను అడగకుండా ఎవరూ ఏ పనీ చెయ్యకూడదని చెప్పు. పచ్చయమ్మను మిషను దాటనివ్వకు. ఎందుకు పోతున్నావని మాత్రం అడగొద్దు. అడిగితే వాళ్ళకు నోరొస్తుంది.

నా దగ్గర పార్థిబన్ అని ఒకడున్నాడు. చెయ్యి మంచిది, బుద్ధే నమ్మలేను. ఈమధ్య సాయంత్రం నాలుగుకే మగ్గం దిగిపోతున్నాడు. వేరే చోట పని మాట్లాడుకుంటున్నాడని నా అనుమానం. ఎప్పటికైనా వీడు పారిపోతాడని పదకొండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను.

కంటికి ఆపరేషన్ అయింది. నెలన్నర చదవకూడదు, రాయకూడదు అన్నారు. మూడో మగ్గం కోకిలకు తెలుగు అక్షరాలు వచ్చు. నేను చెబుతుంటే ఆమె రాస్తున్నది.

నీ మేలు కోరే
జయరాములు

తా.క.: అక్కా, నేను కోకిలను. పెద్దాయన చెప్పింది చెప్పినట్టే రాసినాను. ఆయనకు చెవుడు గదా, నీ ఉత్తరం నేను అరిచి చదివినాను. ఆయనా అరిచే చెప్పినాడు. అందరూ మగ్గాలాపి విన్నారు. పార్థిబన్ అన్న కూడా విన్నాడు.

---

తొరపాడి
జూన్ 27

పెదనాయన పాదాలకు నమస్కరించి, నివేద బాధతో తెలియజేసేది.

మీరు చెప్పినవన్నీ చేశాను. వీపుల వెనక నిలబడ్డాను. నవ్వలేదు. పుస్తకం పెట్టాను. అడగకుండా ఏమీ చెయ్యొద్దన్నాను. పచ్చయమ్మక్క మొదటిరోజు లేవబోయి, నన్ను చూసి, మళ్ళీ కూర్చుంది. నాకు అదే ఎక్కువ భయమేసింది.

మరుసటిరోజునుంచి మొదలైంది. ఒకామె చెయ్యెత్తి, "మేడం, సూది విరిగింది, మార్చేదా?" అంది. మార్చమన్నాను. ఇంకొకామె, "మేడం, దారం అయిపోయింది, ఎక్కించేదా?" సుగంతి అయితే, "మేడం, తుమ్ము వస్తా ఉండాది" అని చెప్పి, నేను తలూపేదాకా ఆపుకుంది. నిన్న మధ్యాహ్నంలోపు అరవై మూడు చేతులు లేచాయి. అటు పరిగెత్తి, ఇటు పరిగెత్తి నా చెప్పు తెగింది. అందరూ మర్యాదగానే ఉన్నారు. ఎవరిమీదా చెప్పడానికి ఏమీ లేదు.

సూదులు కూడా ముందెన్నడూ లేనన్ని విరుగుతున్నాయి. ఎందుకో తెలియదు. నాలుగు వందల జతలు మూడు వందల నలభైకి, అక్కడినుంచి రెండు వందల తొంభైకి దిగాయి. దేవేంద్రన్ సారు, "నీ చూపు చాల్లేదు" అని మా లైను మీద ఒక కెమెరా బిగించాడు. అది నా తలనే చూస్తున్నట్టుంది.

నేనేం తప్పు చేశాను పెదనాయనా? వెంటనే రాయండి.

దిక్కుతోచని
నివేద

తా.క.: బాత్రూము పుస్తకం సారు అడిగి తీసుకుని చూశాడు. అందరికన్నా ఎక్కువసార్లు పోయింది నేనే.

---

గుడియాత్తం
జూలై 3

నివేదకు పెదనాయన ఆశీర్వదించి, కొంచెం కోపంగా రాయించేది.

నువ్వు మెతకగా నిలబడి ఉంటావు. పచ్చయమ్మను కిటికీ దగ్గరనుంచి లేపి గోడవైపు కూర్చోబెట్టు. తక్కువ కుట్టినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయి. కెమెరా మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని నువ్వు కూర్చోవద్దు.

ఇక్కడ కూడా ఒక వింత పుట్టింది. మొన్నటిదాకా ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళు. ఇప్పుడేమో, "అప్పా, నూలు కండె అయిపోయింది, మార్చేదా?" అని ఒకడు. "పోగు తెగింది, ముడేసేదా?" అని ఇంకొకడు. ఒక కన్ను కట్టుకుని ఎనిమిది మగ్గాల మధ్య తిరగలేక మోకాలు కొట్టుకున్నాను. ముత్తమ్మకు అరవై ఏళ్ళు. నా పెళ్ళికి ముందునుంచి నేస్తున్నది. ఆమె కూడా, కండె పెట్టి పోగులమధ్య అటూ ఇటూ విసిరే నాడెను చేత్తో పట్టుకుని, "నాడె ఎడంపక్కనుంచి ఇసిరేదా, కుడిపక్కనుంచా?" అని అడిగింది. ఇది వేలూరునుంచి అంటిన జబ్బేమో అనిపిస్తున్నది.

పార్థిబన్ ఇప్పటికీ నాలుగుకే దిగిపోతున్నాడు. మగ్గాల షెడ్లున్న నాట్రంపల్లికి పోయే బస్సులో వాణ్ణి చూశామని చెప్పారు. నా అనుమానం నిజమయ్యేట్టుంది. అయినా నేను అడగను.

నీ
జయరాములు

తా.క.: అక్కా, నీ ఉత్తరంలో సూది, దారం ఉండే భాగాన్ని మావాళ్ళు నా చేత రెండుసార్లు చదివించినారు. పెద్దాయన ముచ్చటపడినాడు. తన బిడ్డ కష్టం విని వీళ్ళకు మనసు కరిగిందనుకున్నాడు.

---

తొరపాడి
జూలై 21

పెదనాయనకు నివేద దండాలు పెట్టి, మీ మాట దాటినందుకు ముందే క్షమాపణ అడిగి రాస్తున్నది.

పచ్చయమ్మక్కను గోడవైపు కూర్చోబెట్టాను. బోర్డు మీద పేర్లు రాశాను. రెండు వందల డెబ్భై జతలకు పడిపోయాం. సోమవారం సారు నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. పచ్చయమ్మక్క పనికి రాదని, మానిపిస్తున్నామని అందులో ఉంది. సాయంత్రంలోపు సంతకం చేసి ఇవ్వమన్నాడు. శనివారానికి నాలుగు వందలు కనబడకపోతే తరువాతి కాగితం నాదేనన్నాడు.

భోజనాల వేళ ఆమె పక్కన కూర్చున్నాను. కాగితం నా టిఫిన్ డబ్బా కింద ఉంది. అడగొద్దని మీరన్నారు. కానీ ఎందుకో తెలియకుండా ఒక మనిషిని పంపించడానికి నా చెయ్యి రాలేదు.

"అక్కా, పదకొండుకు యాడికి పోతా ఉన్నావు?"

ఆమె ముద్ద నమిలి, నీళ్ళు తాగి అప్పుడు చెప్పింది. "కటింగ్ కాడికి పాపా. తోలు కట్టలు ఆ పొద్దుకే వస్తాయి. మందందీ పల్చందీ కలిసిపోయి ఉంటాది. చేత్తో తడిమి వేరుచేసి పెడితే ఏ మిషనుకు తగింది ఆ మిషనుకు పోతాది. సూదులు విరగవు."

"నువ్వెందుకు చేసేది? అది నీ పని కాదు గదా."

"చూస్తా చూస్తా ఎట్ల ఊరుకునేది?"

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు. నా వీపెనక నిలబడి టైము రాసుకున్నావు. రాసుకునేవాళ్ళకు ఏం చెప్పేది?"

చేతిలోని ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. ఆమే నా చేతిలో మజ్జిగ పెట్టింది.

ఆ సాయంత్రం కాగితం సంతకం లేకుండానే సారు బల్ల మీద పెట్టాను. శనివారందాకా ఆగమన్నాను. బోర్డు తుడిచేశాను. పుస్తకం మూసేశాను. పచ్చయమ్మక్కను మళ్ళీ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పదకొండుకు కటింగ్ దగ్గరికి పొమ్మని చెప్పి, లైనులో ఏం మార్చాలో అందరినీ అడిగాను. మొదట ఎవరూ నమ్మలేదు. గురువారానికి సుగంతి రెండు మిషన్లు పక్కపక్కకు జరపమంది. జరిపాం. చేతులు లేవడం ఆగిపోయింది. అది ఇంకో భయం. అడిగేవాళ్ళు లేక నేను నా చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

శనివారం నాలుగు వందల ఇరవై ఆరు జతలు.

సారు పరిగెత్తుకొచ్చాడు. ఆ కాగితం చింపేశాడు. నా ముందే కెమెరా వైపు చూపించి, "చూసినావా, భయముంటేనే పని" అన్నాడు. ఇప్పుడు మిగిలిన పదకొండు మంది సూపర్‌వైజర్లకు వచ్చే సోమవారం నేను పాఠం చెప్పాలట. పనివాళ్ళను ఎలా భయపెట్టాలో. ఆ రోజు పచ్చయమ్మక్కను కూడా గదిలోకి తీసుకుపోయి ఆమె చేతే చెప్పిస్తాను. సారుకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

మీ మాట వినలేదని నామీద కోపం పెట్టుకోవద్దు.

మీ
నివేద

తా.క.: కరెంటు పని చూసే మణికందన్ చెప్పాడు. ఆ కెమెరాకు ఇంకా వైరు రాలేదట.

---

గుడియాత్తం
జూలై 27

నివేదకు పెదనాయన ప్రేమగా చెప్పి రాయించేది.

కోకిలను పెరట్లోకి పిలిచి, మెల్లగా చెబుతున్నాను. నీ ఉత్తరం షెడ్డులోనే చదివించాను. అయిపోయాక చూస్తే ఎనిమిది మగ్గాలూ ఆగి ఉన్నాయి. అందరూ నా నోటివైపు చూస్తున్నారు. జవాబు చెప్పబోయాను. మానేసి కుర్చీలోంచి లేచాను.

అప్పుడు పార్థిబన్‌ను అడిగాను. పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

"నాలుగుకే ఎందుకు దిగిపోతావురా?"

"నా మగ్గం మీద బల్బు పోయి రెండేండ్లు అయిందప్పా. నాలుగు దాటితే అంచు పోగులు కనబడవు. తప్పు నేసేదానికంటే దిగిపోయేదే మేలు."

"చెప్పకూడదా?"

"చెప్తే పని తప్పించుకునేదానికి సాకు అంటావు."

అనేవాణ్ణే. నాకు తెలుసు. ఆ మూల చీకటిగా ఉండడం ముందు నా కంటి పొర వల్ల, ఆపరేషన్ తరువాత పెట్టుకున్న నల్లద్దాల వల్ల అనుకున్నాను ఇన్నాళ్ళూ. అద్దాలు తీసి చూశాను. తీసినా చీకటిగానే ఉంది.

నాట్రంపల్లి సంగతి కూడా అడిగాను. దాచలేదు. "అవునప్పా. వచ్చే నెల ఒకటినుంచి వస్తానని మాటిచ్చినాను. పారిపోతాడు, పారిపోతాడు అని పదకొండేండ్లుగా చెప్తా ఉండావు. ఒక్కసారన్నా నీ మాట నిజం చేసేద్దామనుకున్నా."

అందరూ నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

స్టూలు ఎక్కి బల్బు నేనే మార్చాను. ఆపరేషన్ అయిన కన్నుతో ఎక్కొద్దని కోకిల అరిచింది. ఆ వేళనుంచి వాడు ఏడుదాకా నేస్తున్నాడు. పోయేవాడు అలా నేస్తుంటే నాకు చూడబుద్ధి కావడం లేదు. కుర్చీ తీసి ఇంట్లో వేసుకున్నాను. ఇంట్లో కూర్చుంటే వాడి మగ్గం చప్పుడే వినబడుతున్నది. చెవుడు అనుకున్న చెవికి కూడా.

నీ పచ్చయమ్మను ఒక సంగతి అడిగి రాయి. ఉండిపొమ్మని ఒక మనిషిని ఎలా అడగాలి? పోతావని చెప్పడం తప్ప నాకు ఇంకొకటి తెలియదు. ఒకటో తారీకు దగ్గరపడింది. త్వరగా రాయి.

నీ
జయరాములు

తా.క.: అక్కా, ఈ ఉత్తరం నాలుగు దినాలు నా దగ్గరే ఉండిపోయింది, మన్నించు. పెద్దాయన మెల్లగానే చెప్పినాననుకున్నాడు. గోడ అవతల కండెలు చుట్టుకుంటా పార్థిబన్ అన్న అంతా విన్నాడు. నీ జవాబు చూసి కాకుండా పెద్దాయన తానే అడగాలని, ఉత్తరం ఇప్పుడే వెయ్యొద్దని చెప్పి మరుసనాడు నాట్రంపల్లికి పోయి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోని వచ్చేసినాడు. పెద్దాయన నోటితో అడిగేదాకా ఈ సంగతి ఆయనకు చెప్పొద్దన్నాడు. పెద్దాయన పొద్దున్నుంచి ఆ మగ్గం చుట్టూ తిరుగుతానే ఉండాడు. "అంచు బాగుండాది" అన్నాడు. "ఎండ ఎక్కువగా ఉండాది" అన్నాడు. ఇంకా అడగలేదు.