స్టీరింగ్ పట్టినోనితో మాట్లాడొద్దు

కొత్తకోట,
18-8-2009.

నాయినకు నీ కొడుకు శ్రవణ్ కుమార్ దండం పెట్టి రాసేది. ఇక్కడ అమ్మా, నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. రాయచూరులో నువ్వు కూడా ఏ నలతా లేకుండా ఉన్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అమ్మ నాతో రెండుసార్లు చదివించుకుని బియ్యం డబ్బా కింద దాచింది. తన బీపీ గురించి అడిగావు. వనపర్తి దవాఖానలో చూపించాను. మాత్ర మార్చి, ఉప్పు తగ్గించమన్నారు. "ఉప్పు లేని కూర తినేటందుకు బతకాల్నా సార్?" అని డాక్టరు ముఖం మీదే అనేసింది. వానల సంగతి రాయడానికి ఏమీ లేదు. మబ్బు పడుతుంది, గాలికి పోతుంది. నీ జైపూరు కాలు మళ్ళీ ఒరుసుకుంటున్నదని రాశావు. మధ్యాహ్నం ఒక గంట విప్పి కూర్చో నాయినా. వేబ్రిడ్జి దగ్గర లారీల తూకం చీటీలు కూర్చుని కూడా రాయొచ్చు. సేటు ఏమన్నా అంటే అననీ.

ఫోను చేయక ఉత్తరం ఎందుకని నువ్వు అనుకుంటావు. అక్కడి ఫోను సేటు బల్ల మీద ఉంటుంది. నేను చెప్పేది పదిమంది చెవిన పడే మాట కాదు. అసలు నిజం ఏమిటంటే, నీ గొంతు వింటే నేను చెప్పలేను.

"సిమ్యులేటరంటే ఏంది, అది గూడ ఎగురుతదా?" అని అడిగావు. ఎగరదు. విమానం ముందు భాగం ఒక్కటే కోసి, పెద్ద గదిలో ఇనుప కాళ్ళ మీద నిలబెట్టినట్టు ఉంటుంది. లోపల కూర్చుంటే అద్దాల్లో రన్‌వే కనిపిస్తుంది, మబ్బులు కనిపిస్తాయి. సీటు వణుకుతుంది. నిజంగా ఎగిరినట్టే ఉంటుంది. అందులో నడిపించి చూసి, పనికొస్తామో లేదో తేలుస్తారు. అది కూలినా ఎవరూ చావరు. ఉద్యోగం పోతుంది, అంతే.

మన లారీ కేబిన్ ఇంకా ఉందా అని కూడా అడిగావు. ఉంది. మునవ్వర్ భాయ్ మెకానిక్ షెడ్డు వెనక తుప్పు పట్టి అట్లాగే ఉంది. నీకు చెప్పలేదు గానీ, నేను విమాన కంపెనీ పరీక్షకు తయారైందంతా అందులోనే. విమానంలో ముందున్న మీటర్లు, స్విచ్చులు అచ్చేసిన పెద్ద కాగితం తెచ్చి డ్యాష్‌బోర్డు మీద అతికించాను. విమానంలో పెద్ద పైలట్ ఎడమ పక్కన, నాలాంటి కొత్తవాడు కుడి పక్కన కూర్చుంటారు. అది విని మునవ్వర్ భాయ్ పడీ పడీ నవ్వాడు. "అంతా ఉల్టానే ఉంది గదరా! క్లీనర్ సీట్ల సార్ కూసుంటడా? అయితే నేనే సార్, జరుగు" అని ఎక్కి కూర్చున్నాడు. నేను నీ సీట్లో కూర్చున్నాను. నాలుగు నెలలు, పొద్దున పని మొదలయ్యే ముందు గంటసేపు, ఆయన గ్రీజు చేతులతో కాగితం పట్టుకుని ఒక్కొక్కటే అడిగేవాడు. నేను జవాబు చెబుతూ లేని స్విచ్చుల మీద వేలు పెట్టేవాణ్ణి. ఎత్తు, వేగం, ఇంజను ఆగితే ఏం చేయాలి, అన్నీ నోటికి వచ్చేశాయి. బజారులో జనం "పైలట్ సారు" అని పిలుస్తున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది నా బతుకు.

ఇంతదాకా రాసి కాసేపు ఆగాను. ఇక దాచి లాభం లేదు.

పరీక్ష వాయిదా పడిందని మీకు చెప్పింది అబద్ధం. జూన్‌లోనే అయిపోయింది. బెంగళూరులో. నేను తప్పాను.

రాత పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. "నీ పైవాడు తప్పు చేస్తుంటే నువ్వు ఎదురు చెప్పిన సందర్భం ఒకటి చెప్పు" అన్నారు. నేను గొప్పగా, "పెద్దవాళ్ళకు నేను ఎన్నడూ ఎదురు చెప్పలేదు సార్" అన్నాను. మంచి నడవడిక అని మెచ్చుకుంటారనుకున్నాను నాయినా. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మధ్యాహ్నం సిమ్యులేటర్ ఎక్కించారు. ఎడమ సీట్లో పరీక్ష పెట్టే కెప్టెన్, కుడి సీట్లో నేను. మొదటి అరగంట నేను నడిపాను. ఇంజను ఆపేశారు, అడ్డగాలి పెట్టారు, తట్టుకున్నాను. "గుడ్" అని కూడా అన్నారు. తర్వాత, "ఇప్పుడు నేను దించుతాను, నువ్వు చూస్తుండు" అన్నారు. దించుతూ దించుతూ ఆయన మౌనంగా అయిపోయారు. తల కొంచెం వాలింది. విమానం ఉండాల్సిన ఎత్తు కంటే కిందికి పోతోంది. నాకు కనిపిస్తోంది. అది కావాలని పెట్టే పరీక్ష. ఒకసారి గట్టిగా చెప్పాలి, పలకకపోతే రెండోసారి చెప్పాలి, అయినా పలకకపోతే "నేను తీసుకుంటున్నాను" అని నడపడం మనం అందుకోవాలి. పుస్తకంలో ఎర్ర గీత గీసి మరీ చదువుకున్నాను. అయినా నా నోరు రాలేదు. "సార్..." అని ఒక్కసారి, నాకే వినపడనంత మెల్లగా అన్నాను. నేల ఎదురుగా దూసుకొచ్చింది. అద్దమంతా ఎర్రగా అయి అంతా ఆగిపోయింది.

కెప్టెన్ నా వైపు తిరిగారు. కోప్పడలేదు. "నీకు కనిపించిందా?" అన్నారు.

"కనిపించింది సార్."

"మరి ఎందుకు చెప్పలేదు?"

దానికి జవాబు నాకు తెలుసు. పదమూడేళ్ళుగా తెలుసు. ఆయనకు చెప్పలేక తల వంచుకుని దిగి వచ్చాను.

నాయినా, కోప్పడకుండా చదువు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు నీ బండిలో గద్వాల పోతూ, చేనులో నెమలిని చూసి కేక పెట్టాను. నువ్వు ఉలిక్కిపడి బ్రేకు తొక్కావు, బండి దాదాపు పల్టీ కొట్టబోయింది. నా చెంప మీద ఒకటి ఇచ్చి, "స్టీరింగ్ పట్టినోనితోని మాట్లాడొద్దు. ఇంకోపారి నోరు తెరిచినవంటే నడి రోడ్డు మీద దించేస్త" అన్నావు. తర్వాత పెబ్బేరులో జిలేబీ కొనిచ్చావు, అది నాకు గుర్తుంది. మాట కూడా గుర్తుంది. ఆ తర్వాత నీ బండిలో ఎన్నడూ నోరు తెరవలేదు.

తొంభై ఆరులో పల్లికాయ లోడుతో హైదరాబాదు పోయే రోజు క్లీనరు వెంకటన్న రాలేదు. నాకు బడి సెలవు. అతని సీట్లో నేను కూర్చున్నాను. పెబ్బేరు ధాబాలో అన్నం తిన్నాం. ఎండ మండిపోతోంది. కొత్తకోట ఇంకా నాలుగు మైళ్ళుందనగా నీ వైపు చూశాను. నీ కళ్ళు మూసుకుపోతున్నాయి. ఒకసారి తెరిచావు, మళ్ళీ మూశావు. బండి మెల్లగా కుడికి పోతోంది. ఎదురుగా కల్వర్టు గోడ. నేను అంతా చూశాను నాయినా. చెప్పడానికి చాలా టైముంది. నిన్ను పిలవలేదు, తట్టలేదు. కొడతావేమో, దించేస్తావేమో అని చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

నాకు గీత కూడా పడలేదు. నీ కాలు పోయింది.

దవాఖానలో నువ్వు అందరికీ టైరు పేలిందని చెప్పావు. పోలీసులకూ అదే చెప్పావు, అమ్మకూ అదే చెప్పావు. నేను మంచం పక్కనే నిలబడి అవునని తలూపాను. నన్ను కాపాడుతున్నావో, నిన్ను నువ్వు కాపాడుకుంటున్నావో పదకొండేళ్ళ వాడికి ఏం తెలుస్తుంది? నాకు మాత్రం, అబద్ధం ఆడి తప్పించుకుంది నేనే అనిపించింది. తర్వాత నువ్వు రోడ్డు పక్క చెల్క భూమి అమ్మి నన్ను పైలట్ చదువుకు పంపినప్పుడు, "నా కాలు పోతే ఏమాయె, నా కొడుక్కు రెక్కలొస్తయ్" అని ఊరి పంచాయతీ కచేరి కాడ నలుగురిలో అన్నావు. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు.

మొన్న పొద్దున మునవ్వర్ భాయ్‌తో మళ్ళీ సాధన మొదలుపెట్టాను. తప్పిన సంగతి ఆయనకొక్కడికే చెప్పాను. "గింతేనా? నేను పండుకున్నట్టు చేస్త, నువ్వు ఒర్రు" అని ఎడమ సీట్లో తల వాల్చి కళ్ళు మూశాడు. నేను అరవలేకపోయాను. తలుపు తీసుకుని దిగి పరుగెత్తాను. ఆయన వెనకే వచ్చి నల్లా దగ్గర నన్ను పట్టుకున్నాడు. అంతా చెప్పేశాను.

"ఆ బండిని గుంజుకొచ్చింది నేనే గద బేటా," అన్నాడు ఆయన. "టైర్లు ఆరింటికి ఆరు సలామత్‌గ ఉండె. నాకు ఆ దినమే తెలుసు. మీ నాయిన ఇజ్జత్ పోతదని నేను గూడ నోరు మూసుకున్న."

అందరం మూసుకున్నాం నాయినా. నువ్వూ, నేనూ, ఆయనా.

ఇప్పుడు ఇంకొక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఈ నెల ఇరవై ఏడున ఇంటర్వ్యూ, ఆ మర్నాడే సిమ్యులేటర్. విమాన కంపెనీలన్నీ ఉన్నవాళ్ళనే తీసేస్తున్న రోజులివి. ఇది పోతే ఇంకొకటి వస్తుందన్న ఆశ నాకు లేదు. అమ్మ కురుమూర్తి జాతరకు మొక్కుకుంది. మొక్కు దండగేనేమోనని భయంగా ఉంది. మళ్ళీ ఎడమ పక్కన ఒక పెద్దమనిషి తల వాలుస్తాడు. మళ్ళీ నా చేతులు తొడల కిందికే పోతాయి. తెలిసి తెలిసి అందులో కూర్చోవడానికి పోతున్నాను.

నిన్న షెడ్డు మూసి ఉండగా ఒక్కణ్ణే కేబిన్ ఎక్కాను. నీ సీట్లో కాదు, ఆ రోజు కూర్చున్న ఎడమ సీట్లో. నీ సీటు వైపు తిరిగి ఆ రోజు అనని మాట అనాలని చూశాను. పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నువ్వు ఏ జవాబు రాసినా సరే, తిట్టినా సరే. ఇరవై ఏడు లోపల అందకపోయినా సరే. ఈ మాట ముందు నీకు చెప్పకుండా ఇంకెవరికీ చెప్పలేనని తెలిసింది. పదమూడేళ్ళు ఆలస్యంగా చెబుతున్నాను.

నాయినా, కండ్లు తెరువు. బండి కుడికి పోతున్నది.

ఇట్లు,
నీ పక్క సీట్లో కూర్చున్న
నీ కొడుకు,
శ్రవణ్