సీసాల మనిషికి పోసిన నీళ్ళు

గని నీళ్ళ ఆఫీసులో కూర్చున్న పెద్దలకి,

పదకొండేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట ఇవాళ కక్కేస్తున్నాను. మీ సీసాల మనిషి ప్రతి నెలా మొదటి సోమవారం మా గుమ్మంలోకి వస్తాడు. నీళ్ళు పోయించుకుంటాడు, కాగితం మీద నా సంతకం తీసుకుంటాడు, పోతాడు. ఆ నీళ్ళెలా ఉన్నాయో ఇంతవరకు ఒక్క ముక్క చెప్పలేదు. నోట్లో నాలుక లేదా?

ఇక అసలు సంగతి. మీరు గని లోతు చేసిన దగ్గర్నుంచి మా బావి నీళ్ళు నల్లబడ్డాయి. మా ఇంటావిడ రోడ్డు మలుపు కుళాయి నుంచి రోజుకి ఆరు బిందెలు మోస్తోంది. మోకాళ్ళు అరిగిపోయాయి. మా వీధికి పైపు ఎప్పుడేస్తారు?

ఇట్లు,
ముప్పై ఏళ్ళు మీ గని కప్పు కూలకుండా దూలాలు నిలబెట్టిన ముసలాడు

తా.క. ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. చదవడానికి మీకు అంతకన్నా పట్టకూడదు.

* * *

పెద్దాయన గారికి నమస్కారం.

మీ బావిని పదకొండేళ్ళుగా నెలనెలా పరీక్షిస్తున్నాం. గని చుట్టూ ఉన్న బావులన్నిట్లోకీ మీదే మేటి. మసి లేదు, ఉప్పు లేదు, ఒక్క క్రిమి లేదు. నల్లగా కనిపించడం మీ బిందె లోపమేమో చూసుకోండి. మీ పెరటి వెనక వాగు కూడా రెండేళ్ళుగా ఎండాకాలంలో పెరుగుతోంది. అందుకే పైపుల జాబితాలోంచి మీ వీధిని తీసేస్తున్నాం. అభినందనలు.

భవదీయురాలు,
నీటి పరీక్షల అధికారి

తా.క. మీ బావి రిపోర్టుకి ఫ్రేము కట్టించి గోడకి పెట్టాం. ఎవరొచ్చినా ముందు అదే చూపిస్తాం.

* * *

ఆఫీసరమ్మకి,

అభినందనలు మీ దగ్గరే ఉంచుకోండి. మా బావిని పరీక్షించారా? ఎప్పుడు? మీ ఆఫీసు వాళ్ళ నీడ కూడా ఆ గట్టు మీద పడలేదు. వాగు పెరుగుతోందట! నిన్న నడిచి దాటాను, చీలమండ తడవలేదు. బిందె లోపమన్న మాట విని మా ఇంటావిడ ఆ బిందె పట్టుకుని మీ మీదకి బయల్దేరింది. మోకాళ్ళు ఆపాయి కాబట్టి బతికిపోయారు.

బావి నీళ్ళు సీసాలో పంపుతున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చూడండి. నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. జవాబొచ్చేదాకా పోస్టు పెట్టె చుట్టూ తిరుగుతూనే ఉంటాను.

కోపంతో,
అదే ముసలాడు

తా.క. సీసా కారుతోందని పోస్టు మనిషి అప్పుడే చొక్కా చూపిస్తున్నాడు. మొత్తం కారిపోతే ఆ చొక్కా పరీక్షించండి.

* * *

పెద్దాయన గారికి నమస్కారం.

మీ సీసా అందింది. అది నీళ్ళలా లేదు, బొగ్గు కషాయంలా ఉంది. పైపు కోసం మీరే బొగ్గుపొడి కలిపారని పైవాళ్ళ అనుమానం. మా దగ్గర మీ బావివి నూట ముప్పై రెండు సీసాల రిపోర్టులున్నాయి. వాటి ముందు ఈ ఒక్క సీసా నిలవదు. ఇరవయ్యో తేదీన జాబితా మీద సంతకాలైపోతాయి. తర్వాత ఐదేళ్ళు మార్పుండదు.

సీసాల మనిషిని నిలదీస్తే తల గోక్కున్నాడు. "నేనెప్పుడూ బావి దాకా వెళ్ళలేదమ్మా. పెద్దాయన 'నువ్వు కూర్చో నాయనా' అని సీసా లాక్కుపోయి తనే నింపి తెస్తారు" అన్నాడు. నిజం చెప్పండి. ఎక్కడ నింపారు?

భవదీయురాలు,
నీటి పరీక్షల అధికారి

తా.క. వాగులో మా కొలత బద్దకి ఎవరో కొత్త రంగు వేశారట. మీకేమైనా తెలుసా?

* * *

ఆఫీసరమ్మకి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చెమట పట్టింది.

ఎండన పడి గుమ్మంలోకొచ్చి సీసా చాచిన మనిషికి ఆ నల్లనీళ్ళు పోస్తానా? నాకు సిగ్గు లేదా? దారిలో తాగుతాడనుకున్నాను. కాగితం మీద నా సంతకం, నీళ్ళు పోసినట్టు సాక్ష్యమనుకున్నాను. ఇంటావిడ కుళాయి నుంచి మోసుకొచ్చిన నీళ్ళు మరగకాచి, గుడ్డతో రెండుసార్లు వడగట్టి, చల్లార్చి పోశాను. ఇంత చేస్తే బాగున్నాయని ఒక్క మాటైనా అనడే అని పదకొండేళ్ళు కుమిలాను. మీరు ఫ్రేము కట్టింది మా బావికి కాదు, మా ఇంటావిడ మోకాళ్ళకి.

రెండేళ్ళ కిందట బద్దకి రంగు వేసిందీ నేనే. అంకెలు చెరిగిపోయి చూడ్డానికి అసహ్యంగా ఉంటే మళ్ళీ రాశాను. పైన ఒకటి, అడుగున పది. ఏ కాగితం మీదైనా అంకెలు పైనుంచే కదా మొదలవుతాయి! అంటే వాగు ఎండేకొద్దీ మీ పుస్తకంలో పొంగిందన్నమాట.

తప్పు నాదని మాత్రం రాయను. తాగడానికి కాదని సీసా మీద మీరు రాయొద్దా?

ఇంకోళ్ళని పంపకండి, మీరే రండి. ఏ రోజో ముందుగా చెప్పకండి. చెబితే నా చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి కడిగేస్తాను. చేద మీ చేత్తోనే వెయ్యండి.

ఇట్లు,
మర్యాద తెలిసిన ముసలాడు

తా.క. రెండు సీసాలు తెచ్చుకోండి, ఒకటి పరీక్షకి, ఒకటి మీ దాహానికి. ఏది దేనికో ముందే చెప్పండి. మా వీధి జాబితాలో ఉన్నట్టు జవాబు పద్దెనిమిదో తేదీ లోపల రావాలి. రాకపోతే పంతొమ్మిదిన నేనూ, ఇంటావిడా, ఆ బిందే మీ ఆఫీసు గుమ్మంలో ఉంటాం.