అక్క వంతు

ఆగస్టు 4, సోమవారం

అమ్మాయి సుగుణకు మోకాలి నొప్పి కాస్త నయం. అల్లుడి దగ్గు అలాగే ఉంది — మందు మార్చమంటే వినడు. రేపల్లెలో అక్కకు షుగర్ ఎలా ఉందో... ఫోన్ ఎత్తలేదు. మనవరాలు కరుణ మాత్రం గుండ్రాయిలా ఉంది. దాని సంగతే భయం.

కంపెనీ పెట్టిందట. పాటలు రికార్డు చేసే కంపెనీ. బోర్డు లేదు, కొట్టు లేదు. పేరు మాత్రం ఉంది — నారుకట్ట. మొదటి పాట నేను పాడాలట! నేనూ అక్కా కూలికెళ్ళిన రోజుల్లో పాడుకున్న నాట్ల పాట.

"నువ్వు పాడకపోతే నా కంపెనీ లేనట్టే అమ్మమ్మా."

అంత మాట ఎందుకంటుంది...

ఆగస్టు 5

అక్క ఫోన్ ఎత్తింది. షుగర్ పర్వాలేదట. పాట సంగతి చెప్పాను.

"సిగ్గులేదా నీకు? పళ్ళూడిన మొహాలకి పాటలేంటే? పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటుంటే మన బురద పాటలు ఊరంతా వినిపిస్తావా? నవ్వుతారే!"

పెట్టేసింది. నిజంగానే నవ్వుతారా?

ఆగస్టు 8

పాట రికార్డుకు కరుణతో బాపట్ల ప్రయాణం. ఎక్కేదాకా రైలు వెళ్ళిపోతుందని భయం. ఎక్కాక బాపట్ల దాటిపోతుందని భయం.

మైకు సెట్లు అద్దెకిచ్చే బాషా ఇంట్లో వెనక గది. గోడలకు బొంతలు. ఫ్యాన్ ఆపేశాడు — చప్పుడు పడుతుందట. ఊపిరాడకపోతే?

మైకు ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. రెండు ముక్కలు పాడాను... ఆగిపోయింది. మళ్ళీ. మళ్ళీ అక్కడే. ఇన్నేళ్ళు నోట్లో ఉన్న పాట! కరుణ మొహం చూడలేకపోయాను.

కుర్చీలో కూర్చుని ఆ పాట ఎప్పుడు పాడాను గనుక. బాషా వాళ్ళమ్మకని తెచ్చిన గోంగూర కట్ట సంచిలో ఉంది. తీశాను. నడుం వంచి, ఒక్కో కాడ చాప మీద పెడుతూ, వెనక్కి, వెనక్కి... వచ్చేసింది పాట!

బాషా మైకు పట్టుకుని వంగి నా వెంటే. పాట అవగానే — "అమ్మమ్మగారూ, ఆగండీ, వెనక గోడ!"

తలుపు తీసి వాళ్ళమ్మ ఒకటే నవ్వు. "నా కూరంతా నాటేశారేంటి పెద్దమ్మగారూ!"

ఆగస్టు 9

నడుం పట్టేసింది. అయినా హాయిగా ఉంది.

కరుణ వినిపించింది. నా గొంతేనా! కానీ మధ్యలో ఖాళీలు. నేను అడగడం, అక్క బదులు చెప్పడం — పాట అది. అలవాటున అక్క వంతు వచ్చినప్పుడల్లా ఆగిపోయాను.

ఆ ఖాళీల్లో కరుణ పాడి చూసింది. మంచి గొంతే. కుదరలేదు. దానికే తెలిసింది.

"రేపల్లె అమ్మమ్మ పాడకపోతే ఇది బయట పెట్టలేను."

ఆగస్టు 11

అక్కకు ఫోన్. కరుణ ముందుమాట లేకుండా పాట పెట్టేసింది.

"గట్టు మీద గొడుగెవరిదే?" — నా గొంతు. ఖాళీ.

అవతలినుంచి టక్కున — "నడుం వంచని మారాజుదే!"

కరుణ గంతులు. అక్క తిట్లు. "పాడించేశారు కదే, దొంగపిల్లల్లారా!" అందులోనే నవ్వు. తరవాత నాతో — "రెండో చరణంలో పరుగెత్తుతున్నావే. ఎప్పుడూ అంతే. నీతో సమానంగా నాటలేక చచ్చేదాన్ని."

ఆగస్టు 12

అక్కే ఫోన్ చేసింది. "శనివారం రండి. కొరమీను పులుసు పెడతా."

పాడతావా అంటే... "ముందు రండి."

బాషా మైకుతో తెనాలి స్టేషన్లో కలుస్తాడట. అక్క నడుం వంగుతుందా? షుగర్ మనిషి. కళ్ళు తిరిగితే?

శనివారం, పదహారు. పొద్దుటి రైలు. గోంగూర ఈసారి రెండు కట్టలు.