అదుపులో ఉన్న కన్ను

ప్రియమైన నాన్నకు,

ఇక్కడికొచ్చి నెలైంది. కొండలో సొరంగం తవ్వుతున్నారు, కొలతలన్నీ నా మీదే. ఫోను పలకదు. శనివారం సరుకుల బండి వస్తేనే ఉత్తరాలు. తింటున్నానా అని అడక్కు, తింటున్నాను.

నీ మనవరాలు పిడుగుని కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళావా? ఆ ఎడమకన్ను ఇంకా పక్కకి జరిగిపోతోందా? డాక్టరమ్మ మాట నీకూ గుర్తుండే ఉంటుంది. కన్ను అదుపులో ఉన్నన్నాళ్ళూ ఆగొచ్చు, రోజులో సగానికి పైగా బయటికి పోతుంటే మాత్రం ఆపరేషన్ చెయ్యాలంది. ఆలస్యమైతే రెండు కళ్ళూ కలిసి చూడడం మరిచిపోతాయి, ఏది దగ్గరో ఏది దూరమో తెలియకుండా పోతుందట. ఆరేళ్ళ పిల్ల. ఇక్కడ అంకెలు రాసుకుంటున్నా నాకు ఆ కన్నే గుర్తొస్తోంది. ఉన్నదున్నట్టు రాయి.

నీ జవాబు కోసం చూస్తూ,
నీ కూతురు

*

ప్రియమైన అమ్మలూ,

తీసుకెళ్ళాను. డాక్టరమ్మ టార్చి వేసింది, బొమ్మలు చూపించింది, దూరంగా ఉన్న అక్షరాలు చదివించింది. మన పిడుగు కన్ను సిపాయిలా నిలబడింది. "అదుపు బాగుంది, నాలుగు నెలలాగి రండి" అంది.

కాబట్టి ఊరికే బుర్ర పాడుచేసుకోకు. నీకు చదువు చెప్పించింది కొండలు కొలవడానికి, దిగులు కొలవడానికి కాదు. మెల్లకన్ను అదృష్టమని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? పిల్ల బడి నుంచి నేరుగా నా కుట్టు కొట్టుకే వచ్చి, గుడ్డముక్కల మీద పడుకుని నా చెవులు తినేస్తోంది.

నీ క్షేమం కోరే,
నాన్న

*

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం వచ్చిన బండిలోనే బడి నుంచి టీచరమ్మ రాసిందీ వచ్చింది. బోర్డు చూస్తూ చూస్తూ పిల్ల కన్ను పక్కకి వెళ్ళిపోతోందట. పేరు పెట్టి పిలిస్తే తప్ప వెనక్కి రావడం లేదట. ఎండలో ఒక కన్ను మూసుకుంటోందట. మెట్లు దిగుతూ చివరి మెట్టు అందక పడిందట. ఆ దెబ్బ సంగతి నువ్వు రాయలేదు.

డాక్టరమ్మ ముందు నిలబడిన కన్ను బళ్ళో ఎందుకు నిలబడదు? రాత్రి పడుకుని అదే ఆలోచన. వెంటనే మళ్ళీ తీసుకెళ్ళు.

మనసు మనసులో లేని,
నీ కూతురు

*

నాన్నా,

రెండు శనివారాలు బండి వచ్చింది, నీ ఉత్తరం రాలేదు. ప్రియమైన అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. అమ్మ సంగతి నేనూ మరిచిపోలేదు. కానీ ఇది వేరు, నా బిడ్డ చూపు. సెలవు అడిగాను. ఇవ్వకపోతే ఉద్యోగానికో దణ్ణం పెట్టి వచ్చేస్తాను. ఈలోగా నిజం రాయి.

నీ కూతురు

*

ప్రియమైన అమ్మలూ,

కళ్ళాసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. పిడుగుని లోపలికి తీసుకెళ్ళి అరగంటైంది. సంతకం నేనే పెట్టాను. నీకు రాసి జవాబు వచ్చేదాకా ఆగితే మళ్ళీ నా మనసు మారుతుందని భయమేసింది.

నిజం రాయమన్నావు. నేను దగ్గితే కన్ను సర్దుకోవాలని పిల్లకి నేర్పించాను. పొద్దునా సాయంత్రం సాధన. కష్టపడితే కాసేపు నిలబెట్టగలదు. ఆ రోజు ఆసుపత్రిలో పధ్నాలుగుసార్లు దగ్గాను. పాపం, డాక్టరమ్మ నాకు దగ్గుమందు రాసిచ్చింది.

మీ అమ్మను కూడా చిన్న ఆపరేషనే అని నవ్వుతూ తీసుకెళ్ళారు, ప్రాణంతో తిరిగి తేలేదు. అలాంటి తలుపు దగ్గరే మళ్ళీ ఇంకొకరిని అప్పగించడం నా వల్ల కాలేదు. అంతే.

కొట్లో నాకు సూదిలో దారం ఎక్కించేది పిడుగే. ఒక్క పోటుకి ఎక్కించేది. మొన్న చూస్తే దారాన్ని సూదికి ఇవతలే గాల్లో పొడుస్తోంది. చివరికి వేలితో తడిమి ఎక్కించింది. "కన్ను నిలబెట్టాను కదా తాతా, అయినా అందట్లేదు" అంది, తప్పు తనదే అన్నట్టు. ఆ పూట మిషను తొక్కలేకపోయాను. మర్నాడే డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. నీకు రాయడానికి మాత్రం ఇవాళ్టిదాకా ధైర్యం చాల్లేదు.

గంట దాటింది. లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చున్నాను.

ఇప్పుడే బయటికి తెచ్చారు. కంటి బయటివైపు కండరాన్ని వెనక్కి జరిపి కుట్టారట. ముందుముందు మళ్ళీ బయటికి జరుగుతుందని, కావాలనే కాస్త లోపలికి ఉంచారట. ఉతికితే గుడ్డ కుంచించుకుపోతుందని మేం వదులుగా కుట్టమా, అలాగే. కొన్నాళ్ళు ఒక్కటి రెండుగా కనిపించినా కంగారుపడొద్దంది డాక్టరమ్మ. అలా కనబడితే మంచిదేనట, ఆ కన్ను చూడడం మానెయ్యలేదని అర్థమట. కనబడుతుందో లేదో ఆవిడా చెప్పలేకపోయింది.

పిడుగు కళ్ళు తెరిచింది. ఎడమది ఎర్రగా ఉంది. నా వంక చాలాసేపు చూసింది.

"ఇద్దరు తాతలున్నారేంటి?" అంది. "ఇద్దరూ ఏడుస్తున్నారు. ముందు ఎవర్ని ఊరుకోబెట్టను?"

నీ తిట్ల కోసం కాచుకుని ఉన్న,
నాన్న