సింధు ప్రాజెక్టులో నేను

అల్ ఖోబర్ (సౌదీ), గురువారం

మనవరాలు సింధు పన్నెండో తరగతి సైకాలజీ ప్రాజెక్టు నా మీదే రాసింది, నాకు మాటైనా చెప్పకుండా! బల్ల మీద కనబడితే చదివాను. "వయసు డెబ్బై రెండు. అడిగిందే మళ్ళీ అడుగుతారు."

"ఎవరి మీదైనా రాసేముందు అనుమతి అడగాలని మీ పుస్తకంలోనే ఉంది కదే?"

"చెబితే నువ్వు జాగ్రత్తపడిపోతావు నానమ్మా. ఇంక నేను గమనించేదేముంటుంది?"

ఎంత పొగరు! ఇరవై ఆరేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, బోనులో ఎలకనా?

తప్పు పట్టుకుందామని నా మందుల పుస్తకం తీశాను. ఆదివారం నేను బీపీ మాత్ర రెండోసారి వేసుకోబోతుంటే తను ఆపానని ప్రాజెక్టులో రాసింది సింధు. మాత్ర మింగే ముందే టైము రాసుకోవడం నాకు అలవాటు. ఆదివారం కింద ఎనిమిది అని ఉంది. దాని కిందే ఎనిమిదిన్నర. రెండూ నా చేతిరాతే. రెండోది రాసినట్టు నాకు గుర్తు లేదు.

సింధు మీద కోపం తగ్గలేదు. అది రాసిన ప్రాజెక్టు కాగితం మాత్రం చింపలేకపోయాను.