చివర్లో చూద్దామన్నారు

ఏలూరు,
ఆగస్టు 9, 2025.

ఫణికిరణ్ గారికి,

సబీహా నమస్కారాలు. తాడేపల్లిగూడెం ఆఫీసులో మీరంతా కులాసాగా ఉన్నారనుకుంటాను. నాకు మాత్రం ఈ వారమంతా అన్నం సయించడం లేదు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటారు, మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ పంపుతారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఇదైనా చివరిదాకా చదవండి.

దెందులూరు దాటాక, కొల్లేరు వైపు సూరమ్మ గారి చేపల చెరువు ఉంది కదండీ. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వాటంతటవే తిరగాలి, మన కంట్రోలర్ పని అదే. దాని సాఫ్ట్‌వేర్ సరిచేయడానికి మీరు మూడు ప్యాచ్‌లు పంపారు. ఒక్కోటి పెట్టాక ఆక్సిజన్ కొలిచే సెన్సర్ నీళ్లలోంచి పైకి తీసి, అంకె మారుతోందో లేదో చూస్తానన్నాను. అంత టైం లేదమ్మా, మూడూ పెట్టేసి చివర్లో స్క్రీన్ చూడు చాలు అన్నారు. అలాగే చేశాను. స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంది.

మర్నాడు మబ్బు పట్టి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఏరియేటర్లు కదల్లేదు. సూరమ్మ గారు పరుగెత్తి స్విచ్‌లు వేసేసరికే సగం చెరువు తెల్లగా తేలిపోయింది. నేను వెళ్తే తిడతారనుకున్నాను. తిట్టలేదండీ. అన్నీ చూసే వెళ్లావు కదమ్మా, అని మాత్రం అడిగారు. స్క్రీన్ చూశానండీ అన్నాను. ఆ మాట నాకే సిగ్గనిపించింది.

తర్వాత ఇక్కడ నా దగ్గరున్న కంట్రోలర్‌కి ఒక్కో ప్యాచే పెట్టి చూశాను. మొదటిదానికే అంకె బిగుసుకుపోయింది. సెన్సర్ గాల్లో పెట్టినా అదే అంకె! అప్పుడే చూడనిచ్చి ఉంటే అక్కడే ఆగేవాళ్లం కదండీ?

మీ రిపోర్టులో ఏమో ఆవిడే కరెంటు ఆపేసిందని రాశారు. భీమడోలు చెరువుల్లో ఇవే ప్యాచ్‌లు హాయిగా నడుస్తున్నాయి కాబట్టి మన తప్పేమీ లేదట, సోమవారం వాటిని రైతులందరి చెరువులకీ పంపేస్తారట. ఎన్నిసార్లు మొత్తుకోవాలండీ నేను? పెట్టకముందు చూడాలి, పెట్టిన ప్రతిసారీ చూడాలి. అన్నీ అయ్యాక చూస్తే మిగిలేది చచ్చిన చేపలే.

ఇట్లు,
సబీహా

తా.క.: భీమడోలు చెరువుల్లో ప్యాచ్‌లు పెట్టలేదండీ. చేపలు చచ్చిన రోజు సూరమ్మ గారి గట్టు మీంచి నేరుగా అక్కడికే వెళ్లాను గానీ, లాప్‌టాప్ తెరవడానికి చేతులు రాలేదు. మీరు ఒప్పుకోరని, పెట్టేశానని అబద్ధం మెసేజ్ పంపాను. అవి నడుస్తున్నది పాత సాఫ్ట్‌వేర్‌తోనే. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తే తీసేయండి. సోమవారం మాత్రం ఆపండి.