చేత్తో మూడు చుట్లు

చిన్నోడా, నేను క్షేమంగా చేరాను, బెంగపడకు. జ్వరంతో పోయిన మీ అన్న పెట్టె తెచ్చుకుందామని వాడు పనిచేసిన షెడ్డుకి వెళ్లాను. మేస్త్రీ డ్రిల్లింగు మిషను షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పుతున్నాడు. ఎందుకయ్యా అంటే, "మీవాడి అలవాటేనమ్మా. ముందు మూడు చుట్లు తిప్పితే బేరింగు నిండా ఆయిలు పాకి, ఇనుము ఇనుమును రాసుకోదు. తిప్పకుండా ఇంజను స్టార్టు చేస్తే నన్ను కూడా కడిగిపారేసేవాడు!" అన్నాడు. నన్నూ తిప్పమన్నాడు. అంత ఇనుమూ మిమ్మల్ని ఊపిన ఉయ్యాలలా కదిలింది.

వాడి ఉద్యోగం నీకిస్తామన్నా పంపనని ఒట్టేశాను కదా, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. నేను ఇంటికి తిరిగొచ్చాక వెళ్లి చేరు. వాడి చొక్కాలు నీకు పట్టేలా ఉన్నాయి, ఆయిలు వాసన పోతుందని ఉతకలేదు. అందాకా నాన్నకి మందు మానకుండా వెయ్యి. మూడు చుట్లు తిప్పాకే ఇంజను ముట్టుకో, నా తండ్రీ. నీ చెయ్యి చల్లగా ఉండాలి.

మీ అమ్మ